తోలుబొమ్మలాటయు, మీటలాటయు



నేటి ప్రసంగ విషయము వినగానే మీలో కొందఱు పెదవి విఱుతురని నే నెఱుగుదును. వీడియోగేమనగా పిల్లల చదువును చెఱచు పెట్టె యని మన గ్రామములలో స్థిరపడిన అభిప్రాయము. వ్యాకరణమును, అలంకారశాస్త్రమును గురుముఖమున చదువుకొని, బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందిన నాబోటివానికి దీని చరిత్రముతో పనియేమని అడుగవచ్చును. రమారమి ముప్పదియేండ్లుగా ఈ ఆటల నాడుచు, ఒక్కొక్కదాని గుణదోషములను నోటుపుస్తకములలో వ్రాసికొనుచు వచ్చితిని. కావ్యమును పరీక్షించునట్లే ఆటను కూడ పరీక్షింపవచ్చునని నా నమ్మకము. ఆ నమ్మకముతోనే ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

ఆటపలక మనకు క్రొత్తది కాదు. మూడు పులులు, పదునైదు మేకలతో ఆడు పులిజూదము మన దేవాలయ మంటపముల బండలపై చెక్కబడి నేటికిని కనబడును. పదునాలుగు గుంటల వామనగుంటలు మన యవ్వల కాలక్షేపము. వైకుంఠపాళి పామును, నిచ్చెనను చూపి పాపపుణ్యములను బోధించెను. అదియే ఆంగ్లేయుల వెంట సముద్రము దాటి, 19వ శతాబ్దము చివర ఇంగ్లండులో పిల్లల ఆటయై, క్రమముగా పాపపుణ్యముల పేళ్లను పోగొట్టుకొని, ఉత్త పాములును నిచ్చెనలునుగా మిగిలెను. ఈ సంగతి యెందుకు చెప్పితిననగా, తొలి వీడియోగేము పెట్టెను విప్పి చూచినచో అదియు పాచికలాటకు చుట్టమే యని తెలియును.

టీవీకి తీగతో తగిలించి, చేత రిమోటు పట్టి ఆడు పెట్టెను కన్సోలందురు. జర్మనీలో 1922లో పుట్టి, హిట్లరు కాలమున 1938లో తల్లిదండ్రులతో అమెరికాకు వలసపోయిన రాల్ఫ్ బేయర్ అను ఇంజనీరునకు 1966లో ఈ యాలోచన తోచెను. టీవీ యెదుట ఊరక కూర్చుండి చూచుటయే గాని దానితో ఆడుకొనరాదా యని ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నకు ఫలముగా 1972లో మాగ్నవాక్స్ వారి 'ఒడిస్సీ' బజారునకు వచ్చెను. అందు ధ్వని లేదు. రంగులు లేవు. నల్లని తెరపై తెల్లని చుక్కలును, ఒక గీతయు మాత్రమే కదలును. అడవి కావలెనన్న, ఇల్లు కావలెనన్న, ఆ బొమ్మ ముద్రించిన పలుచని పారదర్శకపు పొరను టీవీ అద్దముపై అంటించుకొనవలెను. గెలుపోటముల లెక్క ఆటగాండ్రే కాగితముపై వ్రాసికొనవలెను. పెట్టెలో పాచికలు, చీట్లు, ఆటరూపాయలు కూడ పెట్టిరి! అనగా ఆట సగము తెరపైనను, సగము మనుష్యుల నడుమను జరిగెను. నాకు ఈ యంత్రముపై ఇప్పటికిని ఒక విధమైన ప్రీతి కలదు.

ఆ యేటనే అటారి వారి 'పాంగ్' అంగళ్లలో నాణెములు మ్రింగుట ప్రారంభించెను. పిమ్మట పదేండ్లలో ఈ వ్యాపారము విపరీతముగా పెరిగి, పసలేని ఆటలు గుట్టలుగా వచ్చిపడి, 1983లో అమెరికాలో కుప్పకూలెను. అమ్ముడుపోని సరకును న్యూమెక్సికో ఎడారిలో గోతులు తీసి పాతిపెట్టిరి. 2014లో త్రవ్విచూడగా అవి నిజముగా బయటపడినవి. పసలేని గ్రంథమును చెదలు తినుటకు కొంత కాలము పట్టును. పసలేని ఆటకు అంత గడువు కూడ దొరకలేదు.

కూలినదానిని నిలువబెట్టినవారు జపానువారు. నింటెండో అను సంస్థ 1889లో క్యోటో నగరమున పువ్వుల బొమ్మల పేకముక్కలు తయారుచేయు దుకాణముగా మొదలయ్యెను. ఆ సంస్థయే 1983లో 'ఫ్యామికామ్' అను కన్సోలును, 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్' అను ఆటను వెలువరించెను. మారియోను సృష్టించిన షిగెరు మియామొతో పల్లెటూరివాడు. చిన్ననాడు సొనోబె చుట్టునున్న కొండలలో తిరిగి, లాంతరు పట్టుకొని గుహలో దూరిన ముచ్చటను ఆయనయే చెప్పియున్నాడు. 1986లో వచ్చిన 'జెల్డా' ఆటకు ఆ తిరుగుళ్లే మూలము.

మారియో ఆట మొదటి ఘట్టమును బడిపంతులైన ప్రతివాడును ఒకసారి చూడదగును. అందొక్క ఉపదేశవాక్యము లేదు. బుడతడు ఎడమవైపున నిలిచియుండును. కుడివైపు ఖాళీ యుండును. కావున కుడివైపునకే నడువవలెనని తోచును. వెంటనే ఒక పుట్టగొడుగు మొగపు శత్రువు ఎదురువచ్చును. ఎగురనిచో చచ్చును, మరల మొదలు. ఎగిరిన, ప్రశ్నార్థకపు గుర్తుగల ఇటుకకు తల తగిలి లాభము కలుగును. ఒక ఇటుకనుండి వచ్చిన మేలైన పుట్టగొడుగు ముందుకు దొరలి, గొట్టమునకు తగిలి, వెనుకకు మన వైపే వచ్చును. భయపడినను అది మనల నంటుకొనక మానదు. అంటిన బుడతడు పెద్దవాడగును. ఆవిధముగా ఇది మంచిది, అది చెడ్డదని అరనిమిషములో తెలిసిపోవును. నా నోటుపుస్తకమున మొదటి పరీక్ష అప్పుడే యేర్పడినది: ఓడినవానికి తప్పు తనదేయని తోచినచో ఆట మంచిది, తప్పు యంత్రముదని తోచినచో అది చెడ్డది.

ఈ యంత్రములు మన కొండలకు అసలు రూపమున రాలేదు. విదేశీవస్తువులపై సుంకము అధికమగుటచే, ఫ్యామికామునకు నకళ్లయిన చౌకపెట్టెలే మన బజారులలో అమ్ముడుపోయినవి. 1996 ప్రాంతమున నేనొకటి రాజమండ్రిలో కొని, రంపచోడవరము మీదుగా బస్సులో ఒడిని పెట్టుకొని మారేడుమిల్లికి తెచ్చితిని. ఆటలు నిండిన బిళ్లను పిల్లలు క్యాసెట్టందురు. దానిపై '9999 ఆటలు' అని ముద్రింపబడియుండెను. లెక్కించి చూడగా పదునైదింటికి మించలేదు. తక్కినవన్నియు పేరు మార్చుకొని మరల మరల వచ్చినవే. శతకమునకు నూఱు పద్యములని మకుటము వ్రాసి పదింటినే తిరుగవ్రాసినట్లుండెను! వానకాలమున కరెంటు పోయినచో ఆడినదంతయు గంగపాలు.

ఆ పెట్టెతో ఒక తుపాకి కూడ వచ్చెను. తెరపై బాతులు ఎగురును; గుఱిచూచి కొట్టవలెను. మీట నొక్కిన క్షణమున తెర నల్లబడి, బాతున్నచోట తెల్లని చదరము మెఱయును. తుపాకి మొనలోని కన్ను ఆ వెలుగును పట్టినచో దెబ్బ తగిలినట్లు. గుఱి తప్పినచో ఒక వేటకుక్క గడ్డిలోనుండి లేచి నవ్వును. మా బడిలో చదువుకొను కొండరెడ్ల బాలుడొకడు, విల్లంబులు పట్టిన తండ్రి వెంట అడవి తిరిగినవాడు, ఆ కుక్కను చూచి ఆట ఆపివేసి, "మా కుక్కయితే తోక ముడుచుకుంటాదండి, మాస్టారూ! ఇదేంటండీ నవ్వుతాదీ?" అని అడిగెను. ఇన్నేండ్లలో నేను వ్రాసికొన్న విమర్శలలో దీనిని మించినది లేదు. ఆట ఎవరి అడవిలో పుట్టినదో, ఆ అడవి న్యాయమే అందుండును. పరుల ఆట నాడు పిల్లవాడు పరుల కుక్కతో వేటకు పోవుచున్నాడు.

మన అడవి ఆటలోనికి ఎప్పుడు వచ్చినది? 2009లో హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ అను సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్' అను ఆటను నిర్మింపగా, సోనీవారు దానిని ప్లేస్టేషన్ 2 కన్సోలునకు విడుదల చేసిరి. ప్రపంచమున 15 కోట్లకు పైగా అమ్ముడుపోయిన యంత్రమది. పూర్తిగా భారతదేశముననే తయారైన తొలి కన్సోలు ఆట యని దానికి ప్రఖ్యాతి వచ్చెను. ఆ యేటనే హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర అను సంస్థ కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటములు గల 'దేశీ అడ్డా'ను చేసెను.

అంతలో వివాదము లేచెను. అమెరికాలోని నెవాడా రాష్ట్రమున నివసించు రాజన్ జెడ్ అను హిందూ సంఘనాయకుడు, కోట్లమంది పూజించు దేవుని ఆటగాండ్రు మీటలతో ఇష్టమువచ్చినట్లు త్రిప్పుట అపచారమనియు, ఆ ఆటను ఉపసంహరింపవలెననియు సోనీవారిని కోరెను. భక్తిచే పలికిన మాటను తేలికచేయరాదు. కాని ఆ వాదము తెలుగువానికి పొసగదని నా అభిప్రాయము. ఏలయన, మనము హనుమంతుని తరతరములుగా కఱ్ఱపుల్లలతో ఆడించుచునే యున్నాము!

తోలుబొమ్మలాటను చూచినవారు మీలో పెక్కుమంది యుందురు. మేక, దున్న తోళ్లను పలుచగా గీకి, రంగులద్ది, భుజము, మోచేయి, మోకాలు వేర్వేరుగా కుట్టి, ఒక్కొకటి నిలువెత్తు బొమ్మను చేయుదురు. తెర వెనుక దీపము. ఆటగాని కాలిక్రింద చెక్కపలక. లంకాదహనము వచ్చినప్పుడు ఆ పలకపై పడు అడుగుల చప్పుడుకు నిద్రపోవు పిల్లలు లేచి కూర్చుందురు. హనుమంతుడు ఎగురును, గంతులు వేయును, తోకతో రాక్షసులను కొట్టును. మధ్య మధ్య జుట్టుపోలిగాడును, బంగారక్కయు వచ్చి మోటహాస్యమాడుదురు. దీనిని ఎవ్వరును అపచారమనలేదు.

ఐనను ఒక భేదము కలదు. ఆ వివాదమున నాకు ముఖ్యముగా తోచినది అదియే. తోలుబొమ్మను పట్టినవానికి రంగనాథ రామాయణపు ద్విపదలు నోటికి వచ్చును. కథ తెలిసినవాడే కఱ్ఱ పట్టును. మీటలాటలో కఱ్ఱ పట్టినవాడు పిల్లవాడు. కథ తెలిసినవాడు ఎక్కడనో కూర్చుండి, ముందే అంతయు అమర్చిపెట్టి, కనబడకుండ పోయినాడు. కావున అడుగవలసిన ప్రశ్న దేవుని మీటతో కదల్చవచ్చునా యని కాదు. అమర్చినవానికి కథ తెలియునా, దానితోపాటు పని తెలియునా యని.

పని సంగతి చెప్పవలసివచ్చినచో, హైదరాబాదు ఆటను విమర్శకులు మెచ్చలేదు. బొమ్మ మోటుగానున్నదనియు, కదలిక సాఫీగా లేదనియు వ్రాసిరి. జపానువారికి పేకముక్కలనుండి మారియో వఱకు రమారమి నూఱేండ్ల ఆటల వృత్తి వెనుకనుండెను. మనవారికి అది తొలి ప్రయత్నము. ఆ వ్యత్యాసమును ఎంచక తీర్పుచెప్పుట నాకు సమ్మతము కాదు. అట్లని దేవుని పేరున్నదని దోషమును దాచుటయు సమ్మతము కాదు. ఏ కావ్యమునకును ఇష్టదేవతాస్తుతియే గుణము కాజాలదు.

2020లో పుణె నగరమునందలి నాడింగ్ హెడ్స్ వారు 'రాజీ' అను ఆటను వెలువరించిరి. అసురు లెత్తుకొనిపోయిన తమ్ముని వెదకు ఒక సర్కసు బాలిక కథ అది. కోటలు, గోడబొమ్మలు, దేవతల మాటలు అన్నియు మన దేశపువే. నన్ను ఆకర్షించినది మఱియొకటి: ఆట నడుమ కథ చెప్పవలసిన చోట్లనెల్ల దీపపు తెరపై కదలు ఛాయాబొమ్మలతో చెప్పిరి.

దానిని నా మనుమరాలితో కలసి ఆడితిని. రిమోటు ఆమెది, వ్యాఖ్యానము నాది. ఆ బొమ్మలను చూచి ఆమె, "తాతయ్యా, ఇవి మన నిమ్మలకుంట బొమ్మలేనా?" అని అడిగినది. ధర్మవరము దగ్గఱనున్న ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లోనే పద్మశ్రీ వచ్చినది. ఆ వార్తను పత్రికలో నేనే ఆమెకు చూపియుంటిని. ఆ ఆట పుణెవారు చేసినదని చెప్పితిని. అటులైన నిమ్మలకుంట బొమ్మలతో ఎవరు చేయుదురని ఆమె మరల అడిగినది. ఆ ప్రశ్నను తేదీతోకూడ నోటుపుస్తకమున వ్రాసి, క్రింద రెండు పుటలు ఖాళీగా విడిచితిని.