కొలత ఒకసారి, లెక్క ఏటేటా: దత్తమండలాల గ్రామ రికార్డులు

మీ ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం ఉంటే ఒకసారి తీసి చూడండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు కనిపిస్తాయి. ఇలా పొలంవారీగా రాసిపెట్టే పద్ధతి రాయలసీమలో ఎలా స్థిరపడిందో, ఎక్కడ తడబడిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

పెన్న ఒడ్డునున్న తాడిపత్రి ప్రాంతం 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో భాగం. అంతవరకు గ్రామాల లెక్కలు ప్రధానంగా కరణాల కవిలెల్లో ఉండేవి. ఆ ఏడాది కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలాల సర్వే ప్రారంభించాడు. కొలతకు 33 అడుగుల గొలుసు వాడారు. గొలుసు పొడవు, అంతే వెడల్పు గల చదరాలు 40 కలిస్తే ఒక ఎకరం. కొలిచినవారి పనిని వేరే తనిఖీదారులు పరీక్షించేవారు. నేల తరగతులను గ్రామ పెద్ద, కరణం, రైతుల సమక్షంలో నిర్ణయించేవారు. రాసినదాన్ని తెలిసినవారి ఎదుట సరిచూడడం ఈ పద్ధతిలోని బలం.

అయితే కొలత సరిగా ఉన్నంత మాత్రాన శిస్తు న్యాయంగా ఉంటుందని అనుకోకండి. శిస్తు ఎక్కువగా ఉందని గుర్తించి, 1807లో 25 శాతం తగ్గించాలని మన్రోయే సిఫారసు చేశాడు. అప్పట్లో అది అమలు కాలేదు. ఆయన వెళ్లాక ప్రభుత్వం గ్రామాలను మొత్తంగా గుత్తకిచ్చింది. పైకం గ్రామం లెక్కన వస్తున్నప్పుడు ఒక్కొక్క పొలం లెక్కను ఏటేటా సవరించే అవసరం సర్కారుకు తగ్గింది. 1820లో మన్రో మద్రాసు గవర్నరయ్యాకే రైతువారీ పద్ధతి ఇక్కడ మళ్లీ నిలదొక్కుకుంది.

ఇక్కడ రెండు రకాల పత్రాలను వేరు చేసి చూడాలి. సర్వే రికార్డు భూమిని గుర్తిస్తుంది. అది అరుదుగా మారుతుంది. అడంగల్ ఆ భూమిలో ఈ ఏడు ఎవరు, ఏ పంట, ఏ నీటితో వేశారో చెబుతుంది. దాన్ని ఏటా పొలం చూసి రాయాలి. జమాబందీలో పై అధికారులు గ్రామ లెక్కలను తనిఖీ చేస్తారు. అనంతపురం వంటి కరవు సీమలో ఈ తేడా చిన్నది కాదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు అడంగల్లో పంట తప్పుగా నమోదైతే, నష్టపోయిన రైతుకు సాయం అందడమే కష్టమవుతుంది.

1984లో రాష్ట్ర ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. పదవులు పోయినా రికార్డుల అవసరం పోలేదు. కాగితంపైకి ఎక్కని వివరం మాత్రం దాన్ని ఎరిగిన మనిషితోనే పోతుంది. నేడు అడంగల్ కంప్యూటరులో కనిపిస్తున్నా, పొలం చూడకుండా ఎక్కించిన తప్పు అక్కడా తప్పే. సాఫ్ట్‌వేరును ఎలా వాడాలో చెప్పే పత్రాలకూ ఇదే వర్తిస్తుంది: ప్రోగ్రాము మారి వివరణ మారకపోతే, నమ్మి చదివినవారే నష్టపోతారు.

కాబట్టి ఏ రికార్డునైనా పరిశీలించేటప్పుడు మూడు విషయాలు అడగండి: ఎవరి ఎదుట రాశారు? చివరిసారి ఎప్పుడు సవరించారు? సవరించే బాధ్యత ఎవరిది?

మీ ప్రగతిని సరిచూసుకోండి: సర్వే రికార్డుకు, అడంగల్‌కు గల తేడాను మీ గ్రామం నుంచి ఒక ఉదాహరణతో వివరించండి.