ఎరుక ఎవరిది, వెల ఎవరిది: మన్యం వైపు నుంచి రెండు నవలల పఠనం

జీవితంలో ఏది ముఖ్యమో పాత్రకు తెలిసివచ్చే ఘట్టం అనగానే తెలుగు పాఠకుడికి బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గుర్తొస్తుంది. తల్లి మీది నిందను మోస్తూ, అమృతం, కోమలి, ఇందిరల నడుమ నలిగి, ఊరు విడిచి రాయలసీమ చేరిన దయానిధి ఒక్కొక్కటే పోగొట్టుకుంటూ తనలోకి తాను చూసుకుంటాడు. ఈ నమూనా మన విమర్శకు బాగా అలవాటైపోయింది. ఎరుక అంటే ఒంటరి మనిషి లోపల జరిగేదేనన్న ఊహ స్థిరపడింది. పాడేరు మన్యంలోని జి.మాడుగుల కొండల వైపు నుంచి చదివితే ఆ ఊహ నిలవదని నా వాదన.

అందుకు ఎంచుకున్న రెండు నవలలూ అనువాదాలే. ఒకటి బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల 'ఆరణ్యక్' (1939). సూరంపూడి సీతారాం దాన్ని 'వనవాసి'గా తెలుగు చేశారు. రెండోది గోపీనాథ మహంతి ఒడియా నవల 'అమృత సంతానం'. 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ నవలను పురిపండా అప్పలస్వామి తెలుగులోకి తెచ్చారు. ఇది కోరాపుట్ కొండల్లోని కోదు గిరిజనుల కథ. 1936లో ఒడిశా ఏర్పడేవరకు కోరాపుట్ విశాఖపట్నం జిల్లాలోనిదే. పాడేరు మన్యంలోని కోదులు మాట్లాడే కువి భాషే ఆ కొండల మీదా వినిపిస్తుంది. కనుక దీన్ని పొరుగు సాహిత్యం అనడానికి నాకు మనసొప్పదు.

'వనవాసి'లో సత్యచరణ్ కలకత్తా నుంచి ఉద్యోగానికి అడవికి వస్తాడు. మొదట ఊపిరాడదు, క్రమంగా ఆ అడవే అతని ప్రాణమవుతుంది. అక్కడ యుగళప్రసాద్ అనే మనిషి ఉంటాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కల విత్తనాలు తెచ్చి సరస్వతీ కుండం గట్టున నాటుతుంటాడు. ఆ నేల అతనిది కాదు, ఆ పూలు చూసేవాళ్లూ లేరు. అతన్ని చూశాకే సత్యచరణ్‌కి బతుకులో ఏది విలువైనదో అర్థమవుతుంది. కానీ అతని ఉద్యోగం ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు కౌలుకివ్వడం. కుండం చుట్టుపక్కల నేలను వీలైనంతకాలం ఆపి చూస్తాడు, చివరికి అదీ ఇచ్చేస్తాడు. గిరిజన రాజవంశపు పిల్ల భానుమతిని భారతదేశం పేరు విన్నావా అని అడిగితే, అది ఏ దిక్కున ఉందని ఆమె తిరిగి అడుగుతుంది. నవల మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ చోటే. సత్యచరణ్ ఎరుక నిజమైనదే, అతని పశ్చాత్తాపమూ నిజమే. అయినా దాని వెల చెల్లించింది భానుమతి మనుషులు. అతను ఆ ఎరుకను వెంట తీసుకుని నగరానికి వెళ్లిపోగలిగాడు.

ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం రావలసివచ్చిన నేల మీద ఈ నవలను కేవలం ప్రకృతి ఆరాధనగా పాఠం చెప్పడం అన్యాయం. కాగితం మీద నేల చేతులు మారడం అక్కడివాళ్లకు కథలో సంగతి కాదు.

'అమృత సంతానం'లో పరిస్థితి తారుమారు. ముసలి నాయకుడు సరబు సావొంతా చనిపోతాడు. కొడుకు దివుడు పెద్దరికానికొస్తాడు. దివుడి మనసు పియొటి అనే మరో స్త్రీ మీదికి మళ్లుతుంది. భార్య పుయు చివరికి బిడ్డనెత్తుకుని ఇల్లు దాటుతుంది. మైదానపు పాఠకుడు దీన్ని మొగుడు వదిలేసిన ఆడదాని విషాదంగా చదువుతాడు. మన్యం కట్టుబాట్లు తెలిస్తే ఆ చదువు చాలదు. అక్కడ ఓలి (పెళ్లికి ఆడపిల్లవారికి ఇచ్చే సొమ్ము) తిరిగి కట్టి, మారుమనువు చేసుకోవడం తప్పు కాదు. మొగుడు వదిలేసినంత మాత్రాన ఆడదాని బతుకు ఆగిపోదు.

మరి పుయు పోగొట్టుకున్నదేమిటి? పోడు సేద్యం చేసే కొండవాలును చూస్తే తెలుస్తుంది. ఒకే వాలు మీద సామ, చోడి (రాగి), కంది కలిపి చల్లుతారు. సామ ముందు కోతకొస్తుంది, తరువాత చోడి, అన్నిటికన్నా ఆఖర్న కంది. కలుపు తీసేదీ, కోసేదీ, మోసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. కందికొత్త పండగ చేసి దేవతకు పెట్టందే కొత్త కంది ఇంట్లో వండరు. ఆ ఏడాది చక్రంలో తనకున్న చోటు పోవడమే పుయు నష్టమని నేను చదువుకుంటున్నాను. ఆమెకు తెలిసివచ్చిన సంగతి ఇంట్లోంచి కాలు బయట పెట్టడంలోనే ఉంది, దాని వెలను పూర్తిగా ఆమే కట్టుకుంది. సత్యచరణ్‌కి తిరిగి వెళ్లడానికి కలకత్తా ఉంది. పుయుకి మిగిలింది చంకలో బిడ్డ, ఎదర కొండదారి.

'శిలకోల' కథలు రాసిన మల్లిపురం జగదీశ్ లాంటి గిరిజన రచయితలు వచ్చాక ఎరుక ఎవరిది, వెల ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు కొండల లోపలి నుంచే వినిపిస్తోంది. పాత్ర మనసు ఎంత లోతుగా చిత్రితమైందో కొలిచే మన పరిశోధనలు, ఆ పాత్రకు తెలివిడి కలగడానికి ఎవరి నేల పోయిందో, ఎవరి కష్టం ఖర్చయిందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. దయానిధి కథలో కోమలినీ, అమృతాన్నీ అలా మళ్లీ చదవవలసిన పని ఇంకా మిగిలే ఉంది.