జత దొరకని వరుసల చరిత్ర

అవుటర్ జాయిన్‌తో రాసిన క్వెరీని, ప్రోగ్రామ్‌ను డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ తిప్పికొడితే తప్పు రాసినవారిదేనని తేల్చేయడం పరిపాటి. 1992 ఎస్‌క్యూఎల్ ప్రమాణంతోనే వాక్యనిర్మాణం స్థిరపడిందని, ఆ తర్వాతివన్నీ తెలియక చేసిన పొరపాట్లేనని ఆ వాదన. ఈ తీర్పుకు ఆధారాలు తక్కువ.

తొలిదశ అందరికీ తెలిసిందే. ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించారు. జత కుదరని వరుసలను కూడా నిలిపే ఈ అవుటర్ జాయిన్‌ను 1976లో లక్రువా, పిరోట్ చర్చించారు. 1979లో కాడ్ తన విస్తృత నమూనాలో దానికి చోటిచ్చారు.

నెల్లూరు తీరంలో దాని పేరు తెలియనివారికీ అవసరం తెలుసు. అల్లూరు వైపో ఇందుకూరుపేట వైపో రొయ్యల చెరువు కొనేవారు ముందుగా ఆ ఆస్తిపై నమోదైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం, అంటే ఈసీ, తీయిస్తారు. లావాదేవీలేవీ కనబడకపోతే వచ్చేది నిల్ ఈసీ. 1998 నవంబరులో ‘కార్డ్’ పథకం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలకు కంప్యూటర్లు తెచ్చాక ఆ వెతుకులాట డేటాబేస్‌లోకి చేరింది. ఆస్తుల టేబుల్‌ను లావాదేవీల టేబుల్‌తో మామూలుగా జాయిన్ చేస్తే, లావాదేవీ లేని ఆస్తి జాబితాలోనే ఉండదు. లెఫ్ట్ అవుటర్ జాయిన్ దాన్ని ఉంచి, లావాదేవీ గడిలో నల్ పెడుతుంది.

అసలు చిక్కు ఆ 1990ల దశాబ్దానిదే. ప్రమాణం కాగితం మీద ఉన్నా ఒరాకిల్‌ది (+) గుర్తు, సైబేస్, సీక్వెల్ సర్వర్‌లది *= గుర్తు, ఇన్‌ఫార్మిక్స్‌ది అవుటర్ అనే మాట. ప్రమాణంలోని రూపం ఒరాకిల్‌కు 2001లో 9ఐతో గానీ రాలేదు. గుర్తులే కాదు, అర్థాలూ వేరు. లావాదేవీ లేని ఆస్తులే కావాలని ‘నల్ అయితే’ షరతు పెట్టారనుకుందాం. ఒరాకిల్‌లో (+) లేకుండా రాసిన ఆ షరతు జాయిన్ తర్వాత పనిచేసి సరైన జాబితా ఇస్తుంది. *= పద్ధతిలో అదే షరతును జాయిన్‌కు ముందే వర్తింపజేయవచ్చు; అప్పుడు ఆస్తులన్నీ నిల్‌గానే కనిపిస్తాయి.

ఈ భాషల మధ్య దుబాసీగా నిలిచింది డ్రైవర్. డ్రైవర్ల ఉమ్మడి ప్రమాణమైన ఓడీబీసీ ‘ఓజే’ అనే ప్రత్యేక కుండలీకరణం (ఎస్కేప్ రూపం) ఇచ్చింది: జాయిన్‌ను అందులో రాస్తే డ్రైవర్ తన డేటాబేస్ భాషలోకి మార్చాలి. ఎంతవరకు మార్చగలదో చెప్పే సామర్థ్య ప్రశ్నలూ ఉండేవి. 1997లో జావా కోసం వచ్చిన జేడీబీసీ కూడా ‘అవుటర్ జాయిన్లు చేయగలవా’ అని విడిగా అడిగే వీలు కల్పించింది. అలా అడగాల్సి రావడమే పరిస్థితికి సాక్ష్యం. ఒక టేబుల్‌ను రెండింటితో అవుటర్ జాయిన్ చేయబోతే పాత ఒరాకిల్ 01417 ఎర్రర్‌తో ఆపేది. (+)ను కొత్త రూపంతో కలిపితే 25156 వచ్చేది. అలాంటి చోట డ్రైవర్ ఎంత నేర్పుగా మార్చినా దారి మూసే ఉంటుంది.

అంతమాత్రాన ప్రోగ్రామర్ పూర్తిగా నిర్దోషి కాడు. కుడి టేబుల్ మీది వడపోతను ‘ఆన్’లో పెట్టాల్సింది పోయి ‘వేర్’లో పెడితే లెఫ్ట్ జాయిన్ చడీచప్పుడు లేకుండా మామూలు జాయిన్ అయిపోతుంది. ఎర్రర్ రాదు, వరుసలు పోతాయి. అందుకే క్వెరీని మొదట డేటాబేస్ సొంత పరికరంలో నడిపి చూడాలి. అక్కడ నడిచి డ్రైవర్‌తో ఆగితే అప్పుడు డ్రైవర్ వెర్షన్‌ను, ఎస్కేప్ రూపాన్ని అనుమానించాలి.

ఇప్పుడంతా సర్దుకుందనడం తొందరపాటే. సీక్వెల్ సర్వర్ 2005 నుంచి *=ను సాధారణ అనుకూలత స్థాయిలో నిరాకరించడం మంచి పనే. ఎస్‌క్యూలైట్ మాత్రం రైట్, ఫుల్ అవుటర్ జాయిన్లను 2022లో గానీ చేర్చలేదు. మైఎస్‌క్యూఎల్‌కు ఫుల్ అవుటర్ జాయిన్ లేదు. అక్కడ ‘ఫుల్ జాయిన్’ అని రాస్తే ‘ఫుల్’ను టేబుల్‌కు మారుపేరుగా తీసుకుని, కాలమ్ తెలియదని ఎర్రర్ ఇస్తుంది. క్వెరీలను తామే తయారుచేసే ఫ్రేమ్‌వర్కుల వల్ల వాక్యదోషాలు తగ్గినా, లావాదేవీ లేని ఆస్తికి వరుసల లెక్క ఒకటని చూపే కౌంట్ పొరపాటు అలాగే ఉంది. దాన్ని ఏ డ్రైవరూ పట్టుకోదు.