లక్క మెరుగు, బల్ల నునుపు

బెంగుళూరు నుండి మైసూరు పోవు త్రోవలో సుమారు 60 కిలోమీటర్ల దూరమున చన్నపట్నమను ఊరు గలదు. (మన పెద్దలు మద్రాసును చెన్నపట్టణమనుచుండిరి; ఆ ఊరు వేరు, ఈ ఊరు వేరు.) అచ్చటి లక్కబొమ్మ లేని తెలుగు ఇల్లు ఈ నగరమున అరుదు. వరాహనదీ తీరమునందలి మన ఏటికొప్పాక బొమ్మలను చూచినవారికి ఈ రెంటి పోలిక వెంటనే తోచును. రెండుచోట్లను చెక్క ఒకే జాతి చెట్టుది. కన్నడిగులు దానిని ఆలె అందురు, మనవారు అంకుడు అందురు. మెరుగును రెండుచోట్ల లక్కదే. తరిమెనపై గిరగిర తిరుగుచున్న చెక్కకు లక్క కడ్డీని ఒత్తి పట్టినచో రాపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. పిమ్మట మొగలి ఆకుతో అదిమి రుద్దగా అద్దమువలె మెరయును.

గుండ్రని బొమ్మకు ఇంత సులువుగా అబ్బిన మెరుగు చదునైన బల్లకు అబ్బదు. బల్లను తరిమెన కెక్కించుట కుదరదు గదా! అందుచే లక్కను వేడితో గాక స్పిరిటుతో కరగించి, ప్రత్తి ఉండను మెత్తని గుడ్డలో చుట్టి, దానితో పూయు పద్ధతి వచ్చెను. 19వ శతాబ్దపు తొలినాళ్లలో పారిసు నగరపు పనివారి వలన ఇది ప్రసిద్ధి కెక్కి, ఆంగ్లేయుల సామానుతోబాటు మన దేశమునకు చేరెను. మోదుగ, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు పెట్టు సరకు మనది. పేరు మాత్రము ఫ్రెంచి పాలిష్ అయ్యెను. భారతకథలో లక్కయింటిని ఎరిగిన మనకు ఇది కొంత నవ్వు పుట్టించు విషయమే.

ఈ పనిలో కష్టమంతయు నునుపులో లేదు, చదునులో ఉన్నది. టేకు, ఇరుగుడు (ఇచ్చటివారు బీటె అందురు) వంటి చెక్కలలో సన్నని రంధ్రములు గీతలవలె బారులు తీరియుండును. వానిని పూడ్చక పూత పూసినచో, ఆ దినమున బల్ల అద్దమువలె కనబడినను, స్పిరిటు ఆరిపోవుకొలది లక్క లోనికి క్రుంగి, కొన్ని వారములకు గీతలన్నియు మరల పైకి తేలును. కావున తెలిసిన పనివారు మొదట పలుచని లక్కపూత ఒకటి ఇచ్చి, సుద్దపొడిలో చెక్కవన్నెకు సరిపడు రంగుమన్ను కలిపి రంధ్రములు పూడ్తురు. రంగుమన్ను కలుపనిచో ఆ గీతలు కాలక్రమమున తెల్లగా బయటపడును. పిమ్మట పూతమీద పూత. గుడ్డను సున్నలు చుట్టినట్లు త్రిప్పుచుండవలెను. ఒక్క క్షణము నిలిపినను అడుగుపూత కరగి మచ్చపడును. గుడ్డ పట్టుకొనకుండ అవిసెనూనె చుక్క వేయుదురు. ఆ నూనెను కడపట స్పిరిటుతో తీసివేయనిచో మెరుగు మసకబారును. వానదినములలో ఈ పని పెట్టుకొనరాదు. గాలిలోని తేమ పూతలో చిక్కి బల్ల పాలవలె తెల్లబడును. జల్లులు విడువని దినములలో ఇచ్చటి వడ్రంగి వాయిదా వేసినచో అది సోమరితనము కాదు.

ఇక పైపొర అతికిన బల్లల సంగతి. సామాన్యపు చెక్కపై మేలుజాతి చెక్కను పలుచగా అతుకుట ప్రాచీన ఐగుప్తు దేశీయులే ఎరిగిన విద్య. రంపముతో కోసిన పాత పొరలు కొంత మందముగా ఉండెడివి. యంత్రపు కత్తితో చీల్చిన నేటి పొర సాధారణముగా అర మిల్లీమీటరు చుట్టుప్రక్కలనే ఉండును. గట్టిచెక్క బల్లను చిత్రిక పట్టి చదును చేయవచ్చును. దీనిని అట్లు చేయరాదు. చెక్కను ముట్టక, పూతను పెంచి, బాగుగా ఆరనిచ్చి, ఆ పూతలోని మిట్టలను మాత్రమే సన్నని గరుకు కాగితముతో అరగదీయవలెను.

నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కాలమున 1937లో మైసూరులో లక్క, రంగుల కర్మాగారము నెలకొనెను. 1962 ఎన్నికలనుండి ఓటరు వ్రేలిపై పడు చెరగని సిరా ఆ కర్మాగారపుదే. బెంగుళూరులో 1938లో అటవీ పరిశోధనశాలయు, 1962లో ప్లైవుడ్ పరిశోధన సంస్థయు వెలసెను. 1989లో మైసూరు కర్మాగారపు పేరునుండి లక్క తొలగి, అది మైసూరు పెయింట్స్ అండ్ వార్నిష్ అయ్యెను.

అప్పటికే పనిలోను లక్క వెనుకబడియుండెను. 1920ల నుండి నైట్రోసెల్యులోసు పూతలు, తరువాత మెలమైను, పాలియురథేను పూతలు వచ్చెను. వేడి కాఫీలోటా పెట్టినచో లక్కపై తెల్లని వలయము పడును. ఈ కడపటి పూతలపై అంత సులువుగా పడదు. ఇది న్యాయమైన కారణమే. కాని క్రొత్త లక్క పాత లక్కలో కరగి కలిసిపోవును. గీత పడినచోట మాత్రమే సరిచేసికొనవచ్చును. పాలియురథేను చెడినచో తరచు అంతయు గీకి తీయవలసినదే.

మన కుటుంబములలో తాతలనాటి వ్రాతబల్లలు, భోజనపు బల్లలు ఇంకను గలవు. ఉద్యోగకాలమంతయు బల్లముందు గడపిన గుమాస్తాను గనుక నాకు వానిపై పక్షపాతము గలదనుకొన్నను సరే. ఇల్లు మారునపుడు పిల్లలు క్రొత్తగా చేయింతమని బల్లను అరగదీయు విద్యుద్యంత్రమునకు అప్పగింతురు. ఆ యంత్రము నిమిషములలో పైపొరను కొరికి అడుగుచెక్కను బయటపెట్టును. పోయిన పొర మరల రాదు. ముందుగా కంటికి కనబడని ఒక మూలను స్పిరిటులో తడిపిన గుడ్డముక్కతో అద్ది, అరనిమిషము ఉంచి చూడవలెను. పూత మెత్తబడి జిగురైనచో అది చాలవరకు లక్కయే. అట్టి బల్లకు యంత్రముతో పనిలేదు; మురికి తుడిచి, పొడిగా ఉన్న దినము చూచి, రెండు మూడు పలుచని లక్కపూతలు పూయించిన చాలును.