మధురలో జన్మించిన తార్కికుడు – అగస్టస్ డి మోర్గాన్ గ్రంథములు



మీనాక్షీ సుందరేశ్వరుల నిలయమైన మధురానగరమున క్రీ.శ. 1806 జూన్ 27వ తేదీన ఒక ఆంగ్లేయ సైనికాధికారికి పుత్రుడు జన్మించెను. తండ్రి ఈస్టిండియా కంపెనీ సేనలో ఉద్యోగి. శైశవముననే ఆ బాలునికి కుడికంటి చూపు పోయెను. ఏడు మాసముల ప్రాయమున తల్లిదండ్రులు ఆతనిని ఇంగ్లండునకు గొనిపోయిరి. ఆ బాలుడే పందొమ్మిదవ శతాబ్దపు గణితజ్ఞులలోను, తార్కికులలోను ప్రముఖుడైన అగస్టస్ డి మోర్గాన్.

ఆధునిక తర్కము మన న్యాయదర్శనమునుండి గ్రహింపబడినదేయను మాట ఆస్తికుల నడుమ తఱచు వినవచ్చుచుండును. దానికి ఆధారముగా చూపబడునది ఒక లేఖ. డి మోర్గాన్ సమకాలికుడును, మిత్రుడును అయిన జార్జి బూల్ అను తార్కికుని సతీమణి మేరీ ఎవరెస్టు బూల్. భారతదేశమున సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జార్జి ఎవరెస్టు ఆమెకు పెదతండ్రి. ఆమె వృద్ధాప్యమున జగదీశచంద్ర బోసునకు వ్రాసిన లేఖలో, బూల్, డి మోర్గాన్ మొదలగువారిపై భారతీయ చింతన ప్రభావము ఉండెనని తెలిపెను. అప్పటికి డి మోర్గాన్ దివంగతుడై సుమారు మూడు దశాబ్దములు గడచెను.

న్యాయశాస్త్రము శబ్దమును ప్రమాణముగా అంగీకరించును. కాని ఆ శబ్దము ఆప్తునిది కావలెను. చెప్పువాడు విషయమును యథార్థముగా ఎఱిగియుండవలెను. ఒకరి బుద్ధిలో ఒక సిద్ధాంతము ఎట్లు పుట్టెనో మరియొకరు చెప్పిన మాట విచారణకు ఆరంభము కాగలదే గాని నిర్ణయము కాజాలదు. డి మోర్గాన్ స్వయముగా ఏమి వ్రాసెనో చూచుటయే ఉచితమైన మార్గము. ఆతడు వ్రాసినది స్వల్పము కాదు.

విద్యాభ్యాసము – ఒక నిరాకరణము

1823లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ట్రినిటీ కళాశాలయందు చేరిన డి మోర్గాన్, 1827లో గణితపరీక్షయందు నాలుగవ స్థానము పొందెను. అచట ఎం.ఏ. పట్టము గ్రహింపవలెనన్నచో ఇంగ్లండు చర్చివారి మతసూత్రములకు సమ్మతి తెలుపుచు సంతకము చేయవలెను. డి మోర్గాన్ దైవమును నమ్మినవాడే. అయినను తన బుద్ధి సంపూర్ణముగా అంగీకరింపని సూత్రములక్రింద చేవ్రాలు చేయుటకు ఒప్పుకొనలేదు. అందువలన పట్టమును, దానితోపాటు కేంబ్రిడ్జిలో లభింపదగిన పదవియు చేజారినవి.

ఆ సమయమున మతపరీక్ష లేని నూతన విద్యాలయము లండనులో వెలసెను. 1828లో, ఇరువదియొక్క ఏండ్ల వయస్సున, ఆతడు అచట ప్రథమ గణితాచార్యుడుగా నియుక్తుడయ్యెను. నడుమ ఐదేండ్ల విరామము తప్ప, 1866 వఱకు ఆతని అధ్యాపనము అచటనే సాగెను.

సామాన్యునికొఱకు వ్రాసిన వ్యాసములు

1830లో ప్రకటితమైన అంకగణిత గ్రంథము ఆతని తొలి రచనలలోనిది. అనంతరము బీజగణితము, సంభావ్యత, కలనగణితము, త్రికోణమితి మున్నగు విషయములపై గ్రంథములు వెలువడెను. ఇవిగాక, అల్పమూల్యమునకు సామాన్యజనులకు విద్యను అందింపవలెనని వెలువరింపబడిన 'పెన్నీ సైక్లోపీడియా' అను విజ్ఞానసర్వస్వమునకు ఆతడు ఏడువందలకు మించిన వ్యాసములు వ్రాసెను. ఆ మహాసంపుటములలో సుమారు ఆరవవంతు ఆతని రచనయే.

1838లో ఆ సంపుటములకై వ్రాసిన ఒక వ్యాసము గణితానుగమనమును గూర్చినది. న్యాయశాస్త్రము చదివినవారికి ఇందలి సమస్య పరిచితమే. ధూమమున్నచోట అగ్నియుండుట పలుమార్లు చూచితిమి. ఆ భూయోదర్శనము మాత్రముచేతనే వ్యాప్తి సిద్ధించునా? ఎన్ని పర్యాయములు చూచినను, చూడనిచోట వ్యభిచారము ఉండవచ్చునను శంక మిగులును. సంఖ్యలయందును ఇదే చిక్కు కలదు. ఒకటికి మూడు కలిపిన నాలుగు. దానికి ఐదు కలిపిన తొమ్మిది. దానికి ఏడు కలిపిన పదునాఱు. ఇవన్నియు వర్గసంఖ్యలే. ఇట్లు నూఱుమార్లు కూడి చూచినను, నూటయొకటవమారు తప్పదని ఎట్లు చెప్పగలము?

దీనికి సమాధానము ఇట్టిది. మొదటి సంఖ్యయందు నియమము సత్యమని చూపవలెను. పిమ్మట, ఒక మెట్టున అది సత్యమైనచో తరువాతి మెట్టునను సత్యము కాక తప్పదని నిరూపింపవలెను. ఏ సంఖ్య యొక్క వర్గమునకైనను, ఆ సంఖ్య రెట్టింపుకంటె ఒకటి అధికమైన బేసిసంఖ్యను కలిపినచో తరువాతి సంఖ్య యొక్క వర్గమే లభించును. 25నకు 11 కలిపిన 36 అగుట ఇందులకు ఉదాహరణము. ఈ రెండును సిద్ధించినచో శంకకు తావులేదు. ఈ పద్ధతి పూర్వమే వాడుకలో ఉండెను. దానికి స్పష్టమైన వివరణమును, నేటికిని నిలిచిన నామమును ఇచ్చిన కీర్తి డి మోర్గాన్ వ్యాసమునకు చెందినది.

'ఫార్మల్ లాజిక్' – అభావ విచారణ

1847లో ఆతని ముఖ్య తర్కగ్రంథమైన 'ఫార్మల్ లాజిక్' ప్రకటితమయ్యెను. బూల్ యొక్క తొలి తర్కగ్రంథమును అదే సంవత్సరమున వెలువడెను. యూరోపున రెండువేల సంవత్సరములుగా అరిస్టాటిల్ తర్కమే ప్రమాణముగా ఉండెను. దాని పరిధికి లొంగని సత్యానుమానములు కలవని డి మోర్గాన్ చూపెను.

ఒక ఆలయమునకు నూఱుగురు భక్తులు వచ్చిరనుకొందము. వారిలో డెబ్బదిమంది తీర్థమును, అరువదిమంది ప్రసాదమును స్వీకరించిరి. ఈ రెండింటినీ స్వీకరించినవారు కనీసము ముప్పదిమంది ఉండితీరవలెను. ఇది నిస్సందేహమైన అనుమానము. కాని 'సర్వము', 'కొన్ని' అను పదములతో మాత్రమే నడచు ప్రాచీన యూరోపీయ తర్కమున దీనికి చోటులేదు. డి మోర్గాన్ దీనికి చోటు కల్పించెను.

ఆతని నామముతో నేడు పాఠశాలలయందు బోధింపబడు నియమములు రెండు. పాత్రయందు 'పాయసము, పులిహోర అను రెండును కలవు' అను మాట అసత్యమైనచో, వానిలో కనీసము ఒకటి లేదని మాత్రమే సిద్ధించును, రెండవది ఉండవచ్చును. 'పాయసము గాని పులిహోర గాని కలదు' అను మాట అసత్యమైనచో, రెండును లేవని సిద్ధించును. నవ్యనైయాయికులు ఉభయాభావము, అన్యతరాభావము అని విచారించినది ఈ భేదమునే. ఘటముండి పటములేని భూతలమున 'ఘటపటోభయము లేదు' అనుట యథార్థమే. కాని అచట ఘటపటాన్యతరాభావము చెప్పరాదు. ఈ సామ్యమును 1951లో అమెరికా పండితుడు డానియల్ ఇంగల్స్ నవ్యన్యాయముపై తాను ప్రకటించిన గ్రంథమున చూపెను.

మరియొక సామ్యమును గమనింపదగినది. 'మనుష్యుడు కానిది' అనగా సమస్తవిశ్వమునందలి ఇతర వస్తువులన్నియునా? అట్లు కాదనియు, ప్రతి వాక్యమునకును ఒక విచారక్షేత్రము ఉండుననియు, నిషేధము ఆ క్షేత్రమునకే పరిమితమనియు డి మోర్గాన్ వ్రాసెను. న్యాయదర్శనమున అభావము ఊరక 'లేమి' కాదు. దేని అభావమో ఆ ప్రతియోగిని, ఎచట అభావమో ఆ అధికరణమును చెప్పనిదే అభావజ్ఞానము పూర్ణము కాదు.

అనంతరము 1860లో ప్రకటించిన వ్యాసమున ఆతడు సంబంధములను గూర్చిన తర్కమునకు పునాది వేసెను. గుఱ్ఱము జంతువు, కావున గుఱ్ఱపు తల జంతువు తలయే. ఇంత సులభమైన అనుమానమునకును పాతతర్కమున నిరూపణము కుదరకుండెను. పిత, పుత్రుడు, అగ్రజుడు, అనుజుడు మున్నగు పదములు వస్తువును మాత్రమే గాక సంబంధమును కూడ తెలుపును. అట్టి సంబంధములకు గణితమువలె నియమములు కలవని ఆతడు నిరూపించెను.

ఇన్ని సామ్యములను చూచిన పిమ్మట 'ఇది మననుండి గ్రహింపబడినదే' అని నిర్ణయింపవచ్చునా? రెండిండ్లయందు అగ్ని వెలుగుచున్నంతమాత్రమున ఒక ఇంటినుండి మరియొక ఇంటికి నిప్పు కొనిపోబడెనని చెప్పజాలము. పై నియమములు పదునాల్గవ శతాబ్దపు యూరోపీయ తార్కికుడైన ఓక్‌హామ్ రచనలందును కలవు. ఇక డి మోర్గాన్ స్వయముగా చెప్పినది ఏమి? గణితమును స్థాపించిన రెండు జాతులు సంస్కృతభాషీయులు, గ్రీకులు అనియు, తర్కశాస్త్రమును స్వతంత్రముగా నిర్మించినవారును ఆ ఇరువురేయనియు ఆతడు తన తర్కరచనలలో వ్రాసెను. 'స్వతంత్రముగా' అను పదము ఇచట ముఖ్యము. ఋషిప్రోక్తమైన న్యాయశాస్త్రమునకు ఇంతకంటె గౌరవము కావలసినది లేదు. ఇతరులు దానిని అపహరించిరను కథ ఆ గౌరవమును పెంపదు.

రామచంద్రుని గ్రంథము

భారతీయ గణితముపై డి మోర్గానునకు గల ఆదరము మాటలతో ముగియలేదు. ఢిల్లీ కళాశాలలో ఉపాధ్యాయుడైన రామచంద్రుడు, కలనగణితము ఉపయోగింపక బీజగణితముచేతనే గరిష్ఠ, కనిష్ఠ సమస్యలను సాధించుచు 1850లో కలకత్తాయందు ఒక గ్రంథమును ముద్రించెను. భాస్కరాచార్యుని బీజగణితము పుట్టిన దేశమున ఆ విద్యపై స్వజనులకు మరల అభిరుచి కలిగింపవలెనని ఆతని ఆశయము. ఆతడు 1852లో క్రైస్తవమును స్వీకరించెను. అయినను ఆ గ్రంథము దేశీయ బీజగణిత మార్గముననే నడచినది.

ఆ మార్గము ఇట్టిది. 10ని రెండు భాగములు చేసి, ఆ భాగముల గుణకారఫలము గరిష్ఠము కావలెననుకొందము. ఫలమును ఒక అవ్యక్తముగా గ్రహించి వర్గసమీకరణమును సాధించినచో, 25నుండి ఆ ఫలమును తీసివేసి మూలము గ్రహింపవలసి వచ్చును. ఋణసంఖ్యకు వర్గమూలము లేదు గనుక ఫలము 25ను మించజాలదు. అప్పుడు భాగములు ఐదును, ఐదును.

కలకత్తాలో ఆ గ్రంథమునకు తగిన ఆదరణ లభింపలేదు. బెథూన్ అను అధికారి పంపిన ప్రతిని చదివిన డి మోర్గాన్, దాని విలువను కంపెనీ డైరెక్టర్లకు విన్నవించెను. 1859లో, అనగా ఢిల్లీ తిరుగుబాటు జరిగిన రెండేండ్లకే, ఆతని పర్యవేక్షణమున, ఆతని విస్తృతమైన పీఠికతో ఆ గ్రంథము లండనులో పునర్ముద్రితమయ్యెను. భారతీయులపై ద్వేషము ఇంగ్లండున ప్రబలియున్న దినములవి. ఆ దినములలో, హిందువులు పరుల విద్యను కంఠస్థము చేయుటకే గాక స్వబుద్ధితో గణితమును పెంపొందించుటకును సమర్థులని ఆ పీఠిక వాదించెను.

వృత్తమును చతురస్రముగా మార్చువారు

డి మోర్గాన్ చివరి గ్రంథము 'ఎ బడ్జెట్ ఆఫ్ పారడాక్సెస్'. పత్రికలో వెలువడిన వ్యాసములను కూర్చి, ఆతని మరణానంతరము 1872లో భార్య సోఫియా ప్రకటించెను. లోకసమ్మతమునకు భిన్నమైన వాదములు చేసినవారి కథలు ఇందు కలవు. లివర్‌పూలు వర్తకుడు జేమ్స్ స్మిత్ వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి సరిగా మూడును ఎనిమిదవవంతును అని వాదించి గ్రంథములు ముద్రించెను. డి మోర్గాన్ ఆతనికి ఓర్పుతో, హాస్యముతో సమాధానములు వ్రాసెను. ఇట్టివారి దోషము ఒక్కటే: నిర్ణయమును ముందు నిలిపి, పిమ్మట హేతువును వెదకుట. న్యాయశాస్త్రమున పంచావయవ వాక్యమునకు ప్రతిజ్ఞ మొదటిదే. కాని హేతువు దుష్టమైనచో ప్రతిజ్ఞ ఎంత ప్రియమైనదైనను నిలువదు. సమస్తవిజ్ఞానమును మననుండి అపహరింపబడినదే అని చెప్పదలచు ఆస్తికులు ఈ గ్రంథమును ఒకపరి చదువుట మేలు.

చెప్పని ప్రార్థన

1866లో లండను కళాశాలవారు జేమ్స్ మార్టినో అను పండితునికి ఆతని మతాభిప్రాయములను బట్టి తర్కాచార్య పదవి నిరాకరించిరి. ఏ మతపరీక్ష లేదని తాను చేరెనో ఆ విద్యాలయముననే మతము అడ్డువచ్చినదని డి మోర్గాన్ తన పదవిని త్యజించెను. మరుసటి ఏట గణితజ్ఞుడైన కుమారుడు జార్జి మరణించెను. 1870లో ఒక కుమార్తెయు పోయెను. 1871 మార్చి 18న ఆతడును దేహమును చాలించెను.

ఆతడు మరణశాసనమున వ్రాసినది స్మరింపదగినది. తన భవిష్యత్తును దైవమునకు అర్పించుచు, తన మతమునందలి విశ్వాసము తన హృదయమున కలదనియు, దానిని నోట ప్రకటింపలేదనియు తెలిపెను. తన కాలమున అట్టి ప్రకటనము లోకమున పైకెక్కుటకు మెట్టుగా ఉండుటయే అందులకు కారణమని చెప్పెను. ఇరువదేండ్ల వయస్సున నమ్మనిదానిపై సంతకము చేయనివాడు, నమ్మినదానిని సైతము లాభమునకై పలుకక ఆఱుపదులు దాటెను.

దేవుని సన్నిధిలో నిలుచు ప్రతివారును, వేదమహిమను లోకమునకు చెప్పదలచు ప్రతివారును ఆలోచింపవలసిన విషయమిది. సత్యమును పలుకుట వాక్తపస్సు. ఎఱిగినంతకు మించి పలుకకుండుటయు అందులోనిదే.

స్వస్తి.