ఆకాశం నుంచి మన కోలారు నేల



మన కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. పాలారు కూడా వానలు పడితేనే పారుతుంది. అందుకే మన పెద్దలు ఊరూరా చెరువు కట్టుకున్నారు. కన్నడంలో కెరె అన్నా, మనం చెరువన్నా, బతుకు దాని మీదే. ఆ చెరువు ఒకప్పుడు ఎంతమేర నిండేదో చెప్పగల సాక్షులు ఇద్దరున్నారు. ఒకరు ఊరి పెద్దలు, రెండవది ఉపగ్రహం.

1972 జూలైలో అమెరికా మొదటి ల్యాండ్‌శాట్‌ను పంపింది. దాని చిత్రంలో ఒక్కొక్క చుక్క సుమారు 80 మీటర్ల నేలకు సమానం కనుక చిన్న కుంటలు ఆనేవి కావు. మన దేశం 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్. 1-ఏ ను సోవియట్ రాకెట్‌పై పంపింది. అది సుమారు 36 మీటర్ల వరకు చూడగలిగింది. 22 రోజులకొకసారి అదే చోటికి తిరిగి వచ్చేది.

ఇది పనిచేసే తీరు తేలికే. పచ్చని ఆకు మన కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది. నీరు దాన్ని పీల్చుకుంటుంది. ఆ కాంతికి ఎర్రరంగు ఇచ్చి చిత్రం తయారుచేస్తే పైరు ఎర్రగా, నిండు చెరువు నల్లగా కనబడతాయి.

అయితే శ్రోతలారా, ఎరుపంతా మేలు కాదు. అది రాగి పైరు కావచ్చు, నీలగిరి తోపు కావచ్చు, చెరువు అంగట్లో పెరిగిన సర్కారు తుమ్మ కూడా కావచ్చు. ఏది ఏమిటో నేల మీదికి వెళ్ళి చూచినవారే తేల్చాలి.

బంగారు గనుల సంగతీ అంతే. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మిగిలిన సైనైడ్ దిబ్బలు ఎంత మేర పరచుకున్నాయో ఆకాశం నుంచి కొలవవచ్చు. పక్క బావినీళ్ళలో ఏముందో మాత్రం నీళ్ళు పరీక్షిస్తేనే తెలుస్తుంది.

2018 నుంచి బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీటిని మన చెరువులకు మళ్ళించారు. ఎండిన చెరువులు చిత్రాల్లో మళ్ళీ నల్లబడ్డాయి. సంతోషమే. కానీ చిత్రం నీటి విస్తీర్ణం చెబుతుంది గాని, తాగవచ్చునో లేదో చెప్పదు.

2008 నుంచి ల్యాండ్‌శాట్ పాత చిత్రాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీ ఊరి చెరువు చిత్రాన్ని పిల్లల చేత తీయించండి. దాన్ని పట్టుకుని తాతగారితో కట్ట మీద నడవండి. తూము ఎక్కడ, అలుగు ఎక్కడ, నీరు ఎందాకా వచ్చేదో అడిగి రాసుకోండి. చిత్రం ఎప్పుడైనా దొరుకుతుంది. తాతగారి మాట అలా కాదు.