కళాయి నుంచి సిల్వర్ దాకా: కడప జిల్లా వంటపాత్రల చరిత్ర – ఆరోగ్య దృక్కోణం

ప్రవేశిక

వంటపాత్రల చరిత్రను మనం ఎక్కువగా సంపద చరిత్రగానో, హస్తకళా చరిత్రగానో చదివాం. అది ఆరోగ్య చరిత్ర కూడా. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వంటిళ్ళలోకి మట్టికుండల తరువాత ఇత్తడి, అల్యూమినియం, స్టీలు పాత్రలు వచ్చాయి. ఏ లోహం ఏ ఆహారానికి పనికిరాదన్న ఎరుక పూర్వులకు ఎలా ఉండేదో, అది ఎక్కడ తెగిపోయిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కిలుము – కళాయి

రాగి, ఇత్తడి పాత్రలకు తడి, పులుపు తగిలితే ఏర్పడే పచ్చని పొర 'కిలుము'. దీనికే 'చిలుము' అన్నది రూపాంతరం. రసాయనికంగా ఇది రాగి లవణాల పొర. సీమ భోజనంలో సంగటికి తోడు పులుసు తప్పదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగిని కరిగిస్తుంది. అందుకే నీళ్ళకు ఇత్తడి బిందె, పులుసుకు మట్టిచట్టి లేదా రాచ్చిప్ప అన్న విభజన ఏర్పడింది.

ఇత్తడిలోనే వండాలంటే కళాయి వేయించాలి. అరబ్బీ మూలమైన ఈ పదం ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. బోకును కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరాన్ని కరిగించి లోపలంతా గుడ్డతో పులుముతారు. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద కరుగుతుంది. కనుక ఖాళీ పాత్రను పొయ్యిమీద ఉంచితే పూత చెడుతుంది. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నిబంధనలు సరైన కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండిన ఆహారాన్ని తినడానికి పనికిరానిదిగా పరిగణించాయి. కళాయివాడి పనిని చట్టం ఆలస్యంగానైనా గుర్తించిందన్నమాట.

పసిపిల్లల కాలేయం

ఈ జాగ్రత్త వెనుక ప్రాణాల ప్రశ్న ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో పసిపిల్లల కాలేయవ్యాధి దేశమంతటా తల్లులను భయపెట్టింది. మద్రాసులో జమ్మి వెంకటరమణయ్య పేరు ఇంటింటా తెలిసింది ఈ వ్యాధికి ఇచ్చిన మందు వల్లనే. 1983లో 'లాన్సెట్' పత్రికలో టానర్, పుణే వైద్యులు కలిసి ప్రచురించిన పరిశోధన, కళాయి లేని ఇత్తడి పాత్రల్లో కాచి నిలవ ఉంచిన పాలను అనుమానించింది. జన్యుకారణాలపై చర్చ సాగినా, పాత్రలు మారిన తరువాత ఆ వ్యాధి అరుదైపోయింది.

'సిల్వర్' అన్న పేరు

కడప మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలోనే, 1898లో, మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీని ప్రారంభించాడు. తేలిక, చవక, కళాయి ఖర్చు లేదు. జనం దాన్ని సత్తు అన్నారు. వెండితో సంబంధం లేకున్నా 'సిల్వర్' అన్నారు. ఇత్తడికి కిలుము కంటికి కనిపించే హెచ్చరిక. అల్యూమినియం పులుసులో కరిగినా అలాంటి పచ్చని గుర్తు ఉండదు. భాషలోనూ దానికి 'కిలుము' వంటి పదం పుట్టలేదు.

అయితే అతిశయోక్తి తగదు. వారానికి కిలో శరీర బరువుకు 2 మిల్లీగ్రాముల అల్యూమినియం వరకు సహించదగినదని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2011లో నిర్ణయించింది. మూత్రపిండాల రోగులకు మాత్రం ముప్పు ఎక్కువ. పులివెందుల ప్రాంతపు భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్య ఉంది. ఫ్లోరైడ్ వల్ల అల్యూమినియం విపరీతంగా కరుగుతుందని 1987లో 'నేచర్' పత్రికలో శ్రీలంక పరిశోధకులు ప్రకటించారు గాని, ఆ అంకెలు తరువాత నిలవలేదు. అసలు ప్రమాదం తుక్కు కరిగించి పోసిన పాత్రల్లోని సీసం. భారతదేశం నుంచి దిగుమతైన కొన్ని పాత్రల నుంచి సీసం ఆహారంలోకి చేరవచ్చని 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. సీసానికి సురక్షిత పరిమితి లేదు.

ముగింపు

నేడు ఆరోగ్యం పేరిట రాగి, ఇత్తడి పాత్రలు తిరిగి వంటింటికి వస్తున్నాయి. కళాయివాడు మాత్రం తిరిగి రాలేదు. వస్తువును వారసత్వంగా స్వీకరించి, దాన్ని వాడే పద్ధతిని వదిలేయడం ప్రమాదకరం. కిలుము, కళాయి వంటి మాటలను నిఘంటువులకే పరిమితం చేయక, వాటిలోని అనుభవజ్ఞానాన్ని వెలికితీయడం తెలుగు పరిశోధకుల బాధ్యత. కళాయి వృత్తిలో బతికిన పెద్దలు ఇంకా ఉండగానే వారి మాటలను నమోదు చేయాలి.